షేక్ చిన్న మౌలానా: కరవది సన్నాయి, కావేరి ఒడ్డు

షేక్ చిన్న మౌలానా (1924 మే 12 – 1999 ఏప్రిల్ 13) కర్ణాటక సంగీతంలో ఇరవయ్యో శతాబ్దపు అగ్రశ్రేణి నాదస్వర విద్వాంసుల్లో ఒకరు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. మొదట ఇంట్లో, ఆపైన చిలకలూరిపేట విద్వాంసుడి దగ్గర, చివరికి తంజావూరు సీమలో నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి అక్కడే కన్నుమూశారు. పద్మశ్రీ, సంగీత నాటక అకాడమీ అవార్డు, మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి ఆయనకు దక్కిన గౌరవాల్లో ముఖ్యమైనవి. ఆయన గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు మాటల దగ్గర ఆగిపోతారు. ముస్లిం అయ్యుండీ రంగనాథుడి సన్నిధిలో వాయించారన్నది మొదటిది, తెలుగువాడై ఉండీ తమిళదేశంలో పేరు తెచ్చుకున్నారన్నది రెండోది. రెండూ నిజమే. కానీ ఈ రెండిట్లోనూ ఉన్న ‘అయ్యుండీ’ అనే ఆశ్చర్యం ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అడ్డు వస్తుంది. ఆయన ప్రయాణానికి మూలకారణం ఆయన పట్టిన వాద్యంలోనే ఉంది. నాదస్వరం ఒంటరిగా బతికే వాద్యం కాదు. దానికి గుడి కావాలి, డోలు కావాలి, వాద్యం చేసే వడ్రంగి కావాలి, గురువు కావాలి, రాగం తెలిసి వినే జనం కావాలి. ఇవన్నీ ఒకచోట దొరికే తావు వెతుక్కుంటూ విద్వాంసుడు కదిలాడు. ఆ కోణంలో చూస్తే ఆయన జీవితంలో వింతగా కనిపించేవి చాలావరకు సహజంగా కనిపిస్తాయి.

కాకర్ల నుంచి కరవది దాకా

ఉమ్మడి ప్రకాశం జిల్లా నుంచి కావేరి ఒడ్డుకు వెళ్లిన సంగీతం చిన్న మౌలానాతో మొదలు కాలేదు. జిల్లా పడమటి కొసన, నల్లమల అంచున, కంభం ప్రాంతంలో కాకర్ల అనే ఊరుంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వీకులు ఈ కాకర్ల నుంచే తమిళదేశానికి తరలి వెళ్లారని సంగీత చరిత్రకారులు చెబుతారు. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి 1847లో తిరువయ్యారులో పరమపదించారు. తరాలు గడిచినా ఆ ఇంట్లో మాట తెలుగే, పాటా తెలుగే. ఇంటిపేరు రూపంలో కంభం చెరువు దాపున ఉన్న ఊరు కూడా వెంట నడిచింది. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు వలస అనగానే నీళ్లు లేక, పని దొరక్క బస్సెక్కే బతుకు గుర్తుకొస్తుంది. అదే నేల నుంచి విద్య కోసం, విద్యను ఆదరించే చోటు కోసం వెళ్లిన వలస కూడా ఉందని కాకర్ల గుర్తు చేస్తుంది. జిల్లా పడమటి కొసన కాకర్ల, తూర్పు కొసన కరవది. రెంటి నుంచీ బయల్దేరిన దారులు కావేరి దగ్గరే ఆగాయి.

ఇక్కడ పటాల విషయం కొంత చెప్పుకోవాలి. చిన్న మౌలానా పుట్టేనాటికి కరవది గుంటూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. తంజావూరుతో కలిపి ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడే నాటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పటికే ఆయన శ్రీరంగవాసి. అంటే కరవది, మార్కాపురం ఒకే జిల్లాలోకి వచ్చేసరికి ఆయన జిల్లా దాటిపోయి ఉన్నారు. రాష్ట్రం వదిలి వెళ్లాడు అనే మాటను ఆయన మీద మోపే ముందు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి. ఆయన పుట్టి పెరిగిన కాలంలో కుంభకోణానికి వెళ్లడమంటే పరాయి రాష్ట్రానికి పోవడం కాదు. ఒకే రాష్ట్రంలో ఒక మూల నుంచి మరో మూలకు రైల్లో పోవడం.

వంశం, తొలి విద్య

చిన్న మౌలానా కుటుంబం సుమారు మూడు వందల ఏళ్లుగా గుళ్లలో నాదస్వర సేవ చేస్తున్న కుటుంబంగా ప్రసిద్ధి. తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ దగ్గర. తర్వాత చిలకలూరిపేటలో పేరుమోసిన విద్వాంసుడు ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం. ఈ పేర్లను చూసి ఆశ్చర్యపోవలసిన పని తెలుగు పల్లెల్లో ఎవరికీ లేదు. కోస్తా జిల్లాల్లోనూ, వాటికి ఆనుకున్న మెట్ట ప్రాంతాల్లోనూ సన్నాయి, డోలు ప్రధానంగా రెండు వర్గాల చేతుల్లో నిలిచాయి. ఒకరు నాయీబ్రాహ్మణులు, రెండోవారు దూదేకుల, నూర్‌బాషా ముస్లింలు. ఊళ్లో వాళ్లను భజంత్రీలనో, మేళగాళ్లనో పిలిచేవారు. పండగకు గుడి ముందు, పెళ్లికి పందిట్లో, దేవుడి ఊరేగింపులో పల్లకీ ముందు వాళ్లుండాలి. పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అనగానే డోలు, సన్నాయి ఒక్కసారి ఎగసిపడాలి. ఆ మోత మధ్యే మూడు ముళ్లు పడాలి. ఆ క్షణంలో సన్నాయి పట్టిన మనిషి పేరు షేక్‌తో మొదలైందా అని అడిగినవాళ్లు లేరు.

అయితే ఈ వ్యవస్థకు ఒక పరిమితి ఉంది. పెళ్లిమేళం, గుడిమేళం కళాకారుడికి బతుకుతెరువు ఇస్తాయి, చేతికి పదును కూడా ఇస్తాయి. కానీ ఒక రాగాన్ని గంటసేపు విస్తరించే తీరిక ఇవ్వవు. పెళ్లిలో ముహూర్తం తరుముతుంటుంది. ఊరేగింపులో బోయీలు నడుస్తుంటారు. వినేవాళ్లలో సగం మంది వంటల దగ్గరో వియ్యాలవారి దగ్గరో ఉంటారు. కచేరీ విద్వాంసుడు కావాలంటే ఇంకో రకం సభ కావాలి. తాళంలో ఒక అక్షరం జారితే తల తిప్పి చూసే శ్రోత కావాలి. తెలుగు జిల్లాల్లో అలాంటి విద్వాంసులు లేరని కాదు. ఆదం సాహెబ్ వంటి గురువు ఉన్నాడంటేనే ఇక్కడి విద్య స్థాయి తెలుస్తుంది. కానీ గురువు ఒకచోట, మంచి వాద్యం దొరికేది ఇంకోచోట, సభలు మరోచోట అయితే శిష్యుడి జీవితంలో ఎక్కువ భాగం దారిలోనే గడుస్తుంది.

వాద్యం చెప్పే కథ

ఈ వాదానికి బలమైన ఆధారం వాద్యమే. నాదస్వరం ఉజ్జాయింపుగా రెండున్నర అడుగుల చెక్క గొట్టం. పైన సన్నగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుంది. అడుగున గంటలాంటి మూతి ఉంటుంది. వేళ్లు ఆడే రంధ్రాలు ఏడు, కిందివైపు శ్రుతి సరిచేసేవి ఐదు. శ్రుతి కుదరకపోతే ఈ కిందివాటిని మైనంతో కొంత మూస్తారు, తెరుస్తారు. నోట్లో పెట్టుకునే పీకను సీవాళి అంటారు. రెల్లుజాతి గడ్డిని నానబెట్టి, ఉడికించి, చదును చేసి, రెండు రేకులుగా కట్టి చేస్తారు. కళాకారుడి వాద్యం మెడ దగ్గర దారానికి నాలుగైదు సీవాళీలు, వాటిని శుభ్రం చేసే దంతపు సూది వేలాడుతుంటాయి. కచేరీ మొదలయ్యే ముందు ఆయన ఒక సీవాళి తీసి నోట్లో తడిపి, చిన్నగా ఊది, చెవికి నచ్చక పక్కన పెట్టి, రెండోది తీస్తాడు. వాన పడిన రోజు ఒకటి పలుకుతుంది, ఎండ కాసిన రోజు ఇంకొకటి. ఇంత సున్నితమైన చిన్న గడ్డిముక్క మీద మూడు గంటల కచేరీ నిలబడి ఉంటుంది.

ఈ వాద్యానికి మీటలు లేవు. రంధ్రం మీద వేలు సగం మూసి, పెదవి నొక్కు మార్చి, ఊపిరి బిగించి వదిలి స్వరాల మధ్య జారుడును, కంపాన్ని రాబట్టాలి. ఎత్తిపొడుపు మాటలను తెలుగులో ‘సన్నాయి నొక్కులు’ అంటారు. పైకి మెత్తగా వినిపిస్తూ లోపల గుచ్చే మాటకు ఆ పేరు పెట్టిన జనానికి ఈ వాద్యం పలికే తీరు బాగా తెలిసే ఉండాలి. నాదస్వరం రెండు రకాలు. పొట్టిగా, గట్టిగా, ఎత్తు శ్రుతిలో పలికేది తిమిరి. పొడుగ్గా, తగ్గు శ్రుతిలో, నింపాదిగా పలికేది బారి. రాగాలాపనకు రెండోది బాగా ఒదుగుతుంది. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) వాడుకతో బారి నాదస్వరానికి విపరీతమైన ప్రచారం వచ్చింది. శుద్ధ మధ్యమం సరిగ్గా పలికేలా దాన్ని తీర్చిదిద్దినవాడు నరసింగంపేట్టై వాద్యశిల్పి రంగనాథన్ ఆచారి. నరసింగంపేట్టై కుంభకోణం ప్రాంతపు చిన్న ఊరు. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాద్యానికి వాడే చెక్క ఆచ్చా. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలను, దశాబ్దాలపాటు ఎండి బిగిసిన చెక్కను ఏరి తెచ్చుకుంటారు. ఈ ఆచ్చా చెట్టును తెలుగులో యేపి, నారయేపి అంటారు. రాయలసీమ, నల్లమల ఎండుటడవుల్లో అది కొత్త చెట్టేమీ కాదు. చెక్క మన అడవిలోనూ ఉంది. దాన్ని తొలిచి శుద్ధ మధ్యమం పలికించే చెయ్యి మాత్రం నరసింగంపేట్టైలో ఉంది. చిన్న మౌలానా ప్రయాణానికి కారణం ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే.

కావేరి దారి

చిన్న మౌలానాను తంజావూరు సీమకు లాగిన శక్తుల్లో రాజరత్నం పిళ్లై వాదనం మొదటిది. తోడి రాగం అంటే పిళ్లై, పిళ్లై అంటే తోడి అనే రోజులవి. ఆ బాణీ మీద మోజుతో చిన్న మౌలానా కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోవిల్‌కు వెళ్లి, అక్కడి నాదస్వర విద్వాంసులు రాజం, దురైకన్ను సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. అప్పటికే తండ్రి దగ్గరా, ఆదం సాహెబ్ దగ్గరా నేర్చి వాయిస్తున్న మనిషి మళ్లీ శిష్యుడిగా కూర్చున్నాడు. పటం మీద ఊళ్లను చూస్తే ఎంపికలోని తర్కం తెలుస్తుంది. ఆదర్శ విద్వాంసుడి ఊరు తిరువావడుదురై, గురువుల ఊరు నాచ్చియార్‌కోవిల్, వాద్యం చేసే ఊరు నరసింగంపేట్టై. మూడూ కుంభకోణం చుట్టుపక్కలే. వీటి మధ్య ఆలయాలు లెక్కలేనన్ని. స్వామి గుడి దాటి వీధిలోకి వచ్చేటప్పుడు గంభీరనాటలో మల్లారి వాయించాలి, తెల్లవారుజామున భూపాలం, పవళింపు వేళ నీలాంబరి అనే నియమాలు అక్కడి గుళ్లలో రోజువారీ పని. రాగం పుస్తకంలో కాకుండా పొద్దును బట్టి వినపడే చోటు అది. తవిల్ అనే పేరుతో అక్కడి డోలు కూడా పెద్ద విద్యగా ఎదిగింది. ప్రసిద్ధ తవిల్ విద్వాంసుడు పక్కన కూర్చుంటే నాదస్వర విద్వాంసుడికి లయలో పరీక్ష ప్రతి కచేరీలోనూ జరుగుతుంది. ఒక కళాకారుడికి కావలసిన గురువు, వాద్యం, ఉద్యోగం, పోటీ, శ్రోత ఇంత దగ్గర దగ్గరగా దొరికే చోటు దక్షిణ దేశంలో మరొకటి చూపించడం కష్టం.

ఆయన అక్కడ నేర్చింది ప్రధానంగా తెలుగు కృతులేనన్న సంగతి కూడా గమనించాలి. త్యాగరాజు రాసింది తెలుగులో. నాదస్వరంలో మాట పలకదు. కానీ మాట తెలిసినవాడు ఊదితే పదం ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది. సాహిత్యం అర్థమైన విద్వాంసుడు సంగతిని మాట మధ్యలో తెంపడు. తమిళ బాణీలోని రాగవిస్తారం, తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన మాట పట్టు కలిసిన చోట చిన్న మౌలానా నిలబడ్డారు. కాకర్ల నుంచి వెళ్లిన కుటుంబం అక్కడ కూర్చిన పాటను, కరవది నుంచి వెళ్లిన సన్నాయి అక్కడే మళ్లీ పట్టుకుంది.

శ్రీరంగం, గౌరవాలు, గురుత్వం

1960వ దశకంలో చిన్న మౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. శ్రీలంక తమిళ ప్రాంతాల్లో ఆయన నాదస్వరానికి అప్పటికే మంచి ఆదరణ ఉంది. తమిళనాడు ప్రభుత్వం 1976లో కలైమామణి బిరుదు ఇచ్చింది. 1977లో పద్మశ్రీ, సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. అమెరికా, సోవియట్ యూనియన్, జర్మనీ వంటి దేశాల్లో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా ఎంపిక చేసింది. గాత్రానికి, వీణకు, వయొలిన్‌కు తరచుగా దక్కే ఆ గౌరవం నాదస్వరానికి దక్కడం అరుదు. అంతకు నాలుగు దశాబ్దాల ముందు, 1956లో, తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్లై ఆ పీఠం మీద కూర్చున్నారు. మేళగాడిగా వీధిలో నిలబడే కళాకారుడు సభలో మధ్యన కూర్చోవడానికి పట్టిన కాలం ఈ అంతరంలో కనిపిస్తుంది. సంగీత కళానిధి అందుకున్న కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, డెబ్బై అయిదేళ్లు నిండకముందే శ్రీరంగంలో ఆయన మరణించారు.

గౌరవాల జాబితా కన్నా ముఖ్యమైనది ఆయన 1982లో శ్రీరంగంలో నెలకొల్పిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమం. పేరులోనే ఆయన వైఖరి ఉంది. వంశవిద్యగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చే కళను శిష్యులెవరైనా వచ్చి నేర్చుకునే బడిగా మార్చారు. కూతురి బిడ్డలు కాసిం, బాబు ఆయన దగ్గర నేర్చి జంటగా కచేరీలు చేస్తూ ఆ బాణీని నిలబెట్టారు. ప్రకాశం జిల్లా నుంచే వెళ్లిన షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ కూడా చిన్న మౌలానా శిష్యులే. వంశపారంపర్య కళాకుటుంబాల నుంచి వచ్చిన ఈ దంపతులు శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది, తమిళనాడు కళాకారులుగా. మగవాళ్ల పనిగా చెలామణి అయిన నాదస్వరాన్ని ఒక తెలుగు ముస్లిం మహిళ పెద్ద వేదికల మీద వాయించడం చిన్న మౌలానా బడి తెరిచిన తలుపుల్లో ఒకటి. ఒక మనిషి వెళితే అది వలస. ఆయన వెనక ఇంకో తరం అదే ఊరికి వెళ్లిందంటే అది దారి. ఆ దారి ఏర్పడడానికి కారణం మొదటివాడి పేరు ఒక్కటే కాదు, అవతలి కొసన బడి, వాద్యం, వేదిక ఉండడం.

పియానోతో ఒక పోలిక

దేశం వదిలిన కళాకారుల కథలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఉక్రెయిన్ వాళ్లు తమ ప్రవాస కళాకారుల్లో తలచుకునే పేరు లుబ్కా కొలెస్సా. 1902లో ల్వీవ్‌లో పుట్టి, వియన్నాలో ఎమిల్ ఫాన్ సావర్ వంటి గురువు దగ్గర పియానో నేర్చి, యూరప్ వేదికల మీద పేరు తెచ్చుకుని, 1940లో కెనడా చేరారు. టొరంటో, మాంట్రియల్ నగరాల్లో బోధిస్తూ 1997 దాకా జీవించారు. ఆమెకూ చిన్న మౌలానాకూ పోలికలున్నాయి. పుట్టిన ఊరు వదలడం, గురువు కోసం ఒక నగరానికి, బతుకు కోసం మరో చోటికి వెళ్లడం, చివరి దశలో బోధన. తేడా వాద్యంలో ఉంది. పియానో ఎనభై ఎనిమిది మీటల పెద్ద పెట్టె. కళాకారిణి దాన్ని మోసుకెళ్లదు. వెళ్లిన ప్రతి నగరపు సభలోనూ శ్రుతి సరిచేసిన పియానో ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కూర్చుని ఒంటరిగా సాయంత్రమంతా వాయించవచ్చు. నాదస్వరం దానికి పూర్తిగా తిరగేసిన మాట. వాద్యాన్ని సంచిలో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. కానీ జంట నాదస్వరం, డోలు, శ్రుతి, తాళం లేకుండా మేళం లేదు. సీవాళి కట్టే మనిషి, మల్లారి వాయించే వీధి లేకుండా దాని విద్య ఎక్కువకాలం నిలవదు. పియానో ప్రవాసానికి తట్టుకునే వాద్యం. నాదస్వరానికి ప్రవాసం కుదరదు. అది ఉన్నచోటే ఉంటుంది, విద్వాంసుడే దాని దగ్గరికి నడవాలి. కొలెస్సా తన సంగీతపు నేలను వదిలి సముద్రం దాటితే, చిన్న మౌలానా తన సంగీతపు నేలకే చేరారు.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదానికి మొదటి అభ్యంతరం భక్తి వైపు నుంచి వస్తుంది. రంగనాథుడి మీది భక్తే ఆయనను శ్రీరంగంలో నిలిపిందని అందరూ చెబుతారు, దానికి గురువు, వడ్రంగి, సభ అనే లెక్కలు కట్టడం అన్యాయం కదా అని. భక్తిని కాదనవలసిన పని లేదు. రాముడిని పాడిన త్యాగరాజు కృతులను జీవితమంతా ఊదినవాడికి భక్తి అరువు సరుకు కాదు. కానీ భక్తి ఒక్కటే అయితే తిరుమల ఉంది, భద్రాచలం ఉంది, మార్కాపురం లక్ష్మీ చెన్నకేశవుడున్నాడు, త్రిపురాంతకం బాలాత్రిపురసుందరి ఉంది. ఇన్ని సన్నిధులుండగా శ్రీరంగమే ఎందుకంటే, అక్కడ దేవుడు, విద్య ఒకే వీధిలో ఉన్నారు గనుక. భక్తి ఆయనను అక్కడ నిలిపి ఉండవచ్చు. అక్కడిదాకా తీసుకెళ్లిన దారి మాత్రం నాచ్చియార్‌కోవిల్ మీదుగా సాగింది.

రెండో అభ్యంతరం ఉండిపోయినవారిని చూపిస్తుంది. గోసవీడు షేక్ హసన్ సాహెబ్ కృష్ణా జిల్లా మనిషి. భద్రాచలం సీతారామచంద్రస్వామి ఆలయంలో దశాబ్దాలపాటు నాదస్వర సేవ చేశారు. తెలుగు నేల మీదే ఉండి పెద్ద విద్వాంసుడయ్యారు. మరి వలస తప్పనిసరి అని ఎలా అంటారు? ఈ ఉదాహరణ వాదాన్ని పడగొట్టదు, ఇంకా స్పష్టం చేస్తుంది. ఆయన ఉండగలగడానికి కారణం ఒక పెద్ద ఆలయం ఆయనకు స్థిరమైన స్థానం ఇవ్వడమే. అలాంటి స్థానాలు తెలుగునాట కొన్నే ఉన్నాయి. పద్మశ్రీ ఆయనకు 2022లో, మరణానంతరం వచ్చింది. వెళ్లిన చిన్న మౌలానాకు యాభై మూడో ఏట అందిన గౌరవం ఉండిపోయిన హసన్ సాహెబ్‌కు బతికుండగా అందలేదు. ఇద్దరి విద్యను తూచడానికి ఈ తేదీలు పనికిరావు. కళాకారుడి చుట్టూ ఎంత గట్టి వ్యవస్థ ఉందో కొలవడానికి పనికొస్తాయి.

మూడో అభ్యంతరం బాణీ గురించి. తమిళ బాణీలోకి వెళ్లిపోయిన విద్వాంసుడిని మనవాడని చెప్పుకోవడం ఎంతవరకు న్యాయం? ఆయన విన్న తోడి, వాడిన బారి, శిష్యులను చేర్చుకున్న ఊరు అన్నీ అక్కడివే కదా. ఇది ఆలోచించదగ్గ ప్రశ్న. తంజావూరు బాణీ తమిళుల సొత్తు, దాన్ని తెలుగుగా మార్చి చెప్పుకోవడం తప్పు. కానీ ఆ బాణీని అందుకునే స్థాయికి ఆయనను తెచ్చింది కరవది ఇల్లు, ఆదం సాహెబ్ శిక్షణ. పునాది లేని చోట మేడ లేవదు. పైగా తంజావూరు సంగీతం కూడా ఒక్క భాష కట్టిన ఇల్లు కాదు. తెలుగు నాయకరాజుల, మరాఠా రాజుల ఆస్థానాలు, తమిళ వాద్యకుటుంబాలు, కాకర్ల వంటి ఇళ్లు కలిసి కట్టినది. అందులో కరవది నుంచి ఒక గది చేరింది. మనవాడని చెప్పుకోవడంలో తప్పు లేదు, మనవాడు మాత్రమేనని చెప్పుకోవడంలో ఉంది.

చివరి అభ్యంతరం మతసామరస్యం గురించి. ఆయన జీవితాన్ని వాద్యం, వడ్రంగి లెక్కల్లోకి దించితే హిందూ ముస్లిం కలివిడికి ఆయన ఇచ్చిన పాఠం మరుగున పడదా? నిజానికి ప్రతీకగా మార్చినప్పుడే ఆ పాఠం పలచబడుతుంది. ఒక ముస్లిం గుళ్లో వాయించాడని మళ్లీ మళ్లీ చెప్పినకొద్దీ అదొక అపురూపమైన మినహాయింపులా వినబడుతుంది. మూడు వందల ఏళ్లు ఒక కుటుంబం చేసిన పని మినహాయింపు ఎలా అవుతుంది? అది ఊరి కట్టుబాటు, చేతి వృత్తి, రోజు కూలి. సామరస్యం వేదిక మీద ప్రకటించే విషయంగా మారకముందు అది భజంత్రీల పొద్దుటి పనిగా ఉండేది. ఆయనను మొదట విద్వాంసుడిగా గౌరవిస్తే మిగతాది దానంతటదే కనిపిస్తుంది. శ్రుతి కుదిరిందా, తోడిలో గాంధారం నిలిచిందా అన్న ప్రశ్నలతోనే ఆయనను శ్రీరంగం, మద్రాసు సభలు కొలిచాయి. సంగీత కళానిధి వచ్చింది ఆ కొలతలోనే.

ఏం మిగిలింది

చిన్న మౌలానా జీవితాన్ని పోగొట్టుకున్న కథగా తెలుగువాళ్లు చెప్పుకోనక్కర్లేదు. ఆయనను ఎవరూ తరిమివేయలేదు, ఆయనా ఎవరినీ వదిలేయలేదు. అయితే ఆయన వెళ్లిన కారణాలు ఇంకా అలాగే ఉన్నాయన్నది మాత్రం పట్టించుకోవలసిన విషయం. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వర, డోలు పాఠశాల నడుపుతోంది. అయినా మంచి సీవాళి, మంచి నాదస్వరం కావాలంటే ఇప్పటికీ చూపు కుంభకోణం వైపే మళ్లుతుంది. పల్లెల్లో పెళ్లిమేళం స్థానంలో బ్యాండు, బ్యాండు స్థానంలో సౌండ్ బాక్సులు వచ్చాయి. గట్టిమేళం కూడా రికార్డులో నుంచే మోగే పందిళ్లు ఎక్కువవుతున్నాయి.

ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో మార్కాపురం చెన్నకేశవుడి ఆలయం, త్రిపురాంతకం ఆలయాలు శతాబ్దాల నాటివి. వాటికి ఉత్సవాలున్నాయి, వీధులున్నాయి, యాత్రికులున్నారు. చుట్టుపక్కల పల్లెల్లో సన్నాయి, డోలు వంశవిద్యగా ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒక ఆలయం ఒక విద్వాంసుడికి స్థిరమైన జీతం ఇచ్చి, ఆయన దగ్గర ఇద్దరు పిల్లలు నేర్చుకునే ఏర్పాటు చేస్తే దానికి పెద్ద ఖర్చు కాదు. కాకర్ల గురించి, కరవది గురించి గర్వపడే జిల్లా చేయవలసిన మొదటి పని విగ్రహం పెట్టడం కాదు, ఈ ఏర్పాటు చేయడం. వెళ్లాలనుకునే పిల్లలు అప్పుడూ వెళ్తారు, వెళ్లనివ్వాలి కూడా. కాకపోతే ఆ వెళ్లడం తప్పనిసరి కాకూడదు.